నాలుగు కారియర్లు, నాలుగు గుండ్లు

ఆ మంగళవారం కుముదవల్లి వేసుకున్న పథకం చిన్నది. పొద్దున్నే పొంగలి, వడలు, చక్కెర పొంగలి చేయాలి. పన్నెండింటికి కుప్పమ్మ వాటిని రేణిగుంట రోడ్డులోని ఎరువుల డిపోకు మోయాలి. మేనేజరు ధనంజయ తినాలి. ఆయనకు నచ్చితే ఒకటో తేదీ నుంచి గోదాములోని ముప్పైమందికి మధ్యాహ్నం భోజనం వీళ్ళ దగ్గర నుంచే పోతుంది.

అది 1978. కుముదవల్లి భర్త దేవనాథన్ ఒక సత్రంలో గుమాస్తా. మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని, పుత్తూరు కట్టుతో మూడు నెలలుగా మంచం మీద ఉన్నాడు. జీతం ఆగిపోయింది. పక్క వీధిలో ఆకుకూరలు అమ్మే కుప్పమ్మకు మొగుడు లేడు, కూతుళ్ళు ఇద్దరున్నారు. ఒకరు వండటం, ఒకరు మోయటం, వచ్చింది చెరిసగం అనుకుని ఇద్దరూ కలిశారు. రెండు నెలలు తిరిగినా దొరికినవి ఆ డిపోలో మూడు కారియర్లే. ఈ ముప్పై దొరకకపోతే ఆ మూడూ కూడా మానుకోవలసిందే.

ఆ మూడింటిలో ఒకటి గుమాస్తా గోవిందయ్యది. రక్తపోటు, ఉప్పు పనికిరాదు. ఒకటి సంపత్కుమార్‌ది. చక్కెర జబ్బు, కొర్రన్నం. మూడోది అటెండరు మునస్వామిది. రాగి సంగటి, వేరుశనగలూ ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ వేసి నూరిన ఊరుబిండి. కుముదవల్లి వంటింట్లోకి వెల్లుల్లి రాదు కనుక ఆ ఒక్కటీ కుప్పమ్మ తన ఇంట్లో చేసి తెచ్చేది.

కుప్పమ్మకు చదువు రాదు. కారియర్లకు తలా ఒక రంగు దారం కట్టుకుంది. తెల్ల దారం నడినెత్తి పాపిడి ఆయనకు, పసుపు దారం ఉంగరాల జుట్టు ఆయనకు, నల్ల దారం గుబురు మీసాల ఆయనకు. పేర్లతో ఆమెకు పని పడలేదు.

"ఎర్ర దారం మేనేజరుగారిది. పెద్ద కుర్చీలో కూర్చుంటారు. మరిచిపోవద్దు" అంది కుముదవల్లి.

"మరిచిపోయేదానికి అదేమన్నా పదిమంది కూసునే కుర్సీనా అమ్మా?" అని కుప్పమ్మ గంప నెత్తికెత్తుకుంది.

హెడ్డాఫీసు తనిఖీ క్షేమంగా గడిస్తే ఆఫీసులోని నలుగురమూ గుండ్లు చేయించుకుంటామని మేనేజరు మొక్కుకున్నాడు. తనిఖీ సోమవారం ముగిసింది. మంగళవారం తెల్లవారుతూనే నలుగురూ కొండమీద తలలు, మీసాలు ఇచ్చి, చెప్పుల్లేకుండా మెట్ల దారిన దిగి వచ్చారు. మేనేజరు అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఆఫీసు గుమ్మం దాటే ఓపిక లేక, బయట మునస్వామి కూర్చునే బల్ల మీదే కూలబడ్డాడు. ఫ్యాను వేసి కుర్చీ తుడవమని మునస్వామిని తన గదిలోకి పంపాడు. మునస్వామి ఫ్యాను వేశాడు. తలకు పూసిన గంధం ఆరేదాకా అని ఆ పెద్ద కుర్చీలోనే కూర్చున్నాడు.

కుప్పమ్మ వచ్చేసరికి పాపిడి లేదు, ఉంగరాలు లేవు, మీసాలు లేవు. నాలుగు గుండ్లు, నాలుగింటి మీదా గంధం.

"ఇది ఎరువుల ఆఫీసేనా సామీ?" అని బల్ల మీద ఉన్నాయనను అడిగింది.

"అవునమ్మా" అన్నాడు మేనేజరు, కళ్ళు తెరవకుండా.

అటెండరు బల్ల మీద ఉన్నవాడు అటెండరే కదా అనుకుని నల్ల దారం కారియరు ఆయన పక్కన పెట్టింది. లోపలికి పోయి పెద్ద కుర్చీలో ఉన్నాయన ముందు ఎర్ర దారం విప్పింది. మిగిలిన ఇద్దరి దగ్గరకు వచ్చింది.

"ఉప్పు తినని సారు ఎవురు?"

ఇద్దరూ గుమ్మం వైపు చూశారు. ఊళ్ళు తిరిగే ఉద్యోగం ఒకటి ఖాళీ ఉంది. భత్యం ఎక్కువ, ఆరోగ్యం ఉన్నవాడికే ఇస్తానని మేనేజరు అన్నాడు. ఆ మేనేజరు గుమ్మం అవతలే ఉన్నాడు.

"పోనీ, చక్కెర జబ్బు సారు?"

"జబ్బులోళ్ళు ఈడ ఎవురూ లేరు" అన్నాడు గోవిందయ్య, బయటికి వినపడేటట్టు.

"నేను రాళ్ళు తిన్నా అరిగించుకుంటాను" అన్నాడు సంపత్కుమార్.

కుప్పమ్మ రెండు కారియర్లనూ మధ్యలో పెట్టింది. ఎవరి చేతికి దగ్గరున్నది వాళ్ళు తీసుకున్నారు. ఆమె మళ్ళీ గదిలోకి పోయింది. కుర్చీలోని ఆయన నోటి నిండా వడ ఉంది.

"మా అమ్మ సేతి వంట సామీ. బాగుంటే ఒకటో తేదీ నుంచి ముప్పై తెస్తాం."

ఆయన తల ఊపాడు. రెండుసార్లు ఊపాడు.

ఆ కబురు విని కుముదవల్లి దేవుడి ముందు దీపం పెట్టింది. పక్కింటి పెరుందేవి దగ్గర పెద్ద గుండిగ అరువు తెచ్చింది. సాయంత్రం అయిదున్నరకు గుండు మనిషి ఒకడు గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, మేనేజరు సామే వచ్చినాడు" అంది కుప్పమ్మ.

కుముదవల్లి చాప పరిచింది. వెండి గ్లాసులో కాఫీ ఇచ్చింది. దేవనాథన్ గోడ పట్టుకుని ఒంటికాలి మీద లేచి నమస్కారం చేశాడు. వచ్చినవాడు కాఫీ చివరి చుక్కదాకా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"నేను అటెండరు మునస్వామినమ్మా. మేనేజరు రేపు మిమ్మల్ని ఇద్దరినీ రమ్మన్నాడు."

"అయితే బల్ల మీద సంగటి తినింది ఎవురప్పా?" అంది కుప్పమ్మ.

"ఇంకెవురు? ఆయనే."

"ఊరుబిండి కూడానా?" అంది కుముదవల్లి.

"గిన్నె నాకినట్టుండాది."

కుప్పమ్మ గుండిగ పక్కనే చతికిలబడింది.

మరుసటి రోజు మేనేజరు తన కుర్చీలో తానే ఉన్నాడు.

"సంగటి తెచ్చింది ఎవురు?"

"నేనే సామీ. తప్పయిపోయినాది."

"తప్పు సంగతి తర్వాత. కాళ్ళు రాక పడిపోయిన మనిషిని నేను. అది తిని, ఆ బల్ల మీదే నెల రోజుల ఫైళ్ళు ముగించినాను. పొంగలి తిన్నోడు ఈ కుర్చీలో అయిదు దాకా గుర్రు పెట్టినాడు."

మునస్వామి కిటికీలోంచి లారీలను చూస్తున్నాడు.

"ఆ ఇద్దరు ఆరోగ్యవంతుల్లో ఒకడు నా దగ్గరికొచ్చి ఉప్పు అడిగినాడు. ఇంకొకడు కొర్రన్నం చూసి ఇది పిట్టల తిండి అని తిట్టినాడు. కారియర్లు మారిపోయినాయనీ, ఇద్దరికీ జబ్బులుండాయనీ అప్పుడు తెలిసినాది. ఊళ్ళు తిరిగే పనికి వేరే మనిషిని చూసుకుంటాను. అది వదిలెయ్యండి. గోదాములో ముప్పైమంది నిద్రపోతే బస్తాలు ఎవురు మోసేది? ముప్పై కారియర్లూ సంగటే తెండి."

"పొంగలి వారానికి ఒక్కరోజైనా?" అంది కుముదవల్లి.

"ఆదివారం తెండి. ఆ రోజు సెలవు."

ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

"వెల్లుల్లి మీ ఇంట్లోకి రాదు కదమ్మా" అంది కుప్పమ్మ.

"రాదు."

"అయితే వంట మా ఇంట్లోనే. మోసేది నువ్వు మోస్తావా?"

కుముదవల్లి నాలుగడుగులు లెక్కపెట్టుకుంటున్నట్టు నడిచింది. "నెత్తిన పెట్టుకోవడం నాకు చేతకాదు. బండి చూడు" అంది.

ఒకటో తేదీన ముప్పై కారియర్లు తోపుడుబండి మీద తోసుకుపోయి, దించి, కుముదవల్లి ఇంటికి వచ్చేసరికి, పొద్దున తన కోసమని చేసిపెట్టిన పొంగలి తిని దేవనాథన్ నిద్రపోతున్నాడు. అయిదు దాకా చూసి, మేనేజరు అన్నది నిజమేనని ఆమె ఒప్పుకుంది.