ప్రకృతివాదానికి రేకులు

ఏజెన్సీలో ఇకమీదట ఫిలాసఫీ లేని బడి ఉండదని రెండు వేల ఆరు జూన్‌లో మంత్రిగారు భద్రాచలం సభలో ప్రకటించారు. ఎంత దూరదృష్టి! టీచరు లేని బడికి, ఎవరి దారి వాళ్లే వెతుక్కోవాలనే అస్తిత్వవాదం దక్కింది. మధ్యాహ్నం బియ్యం అందని బడికి, దేహం కన్నా ఆత్మ గొప్పదనే ఆదర్శవాదం. గాలిదుమారానికి కప్పు ఎగిరిపోయిన భద్రు సార్ బడికి ప్రకృతివాదం మంజూరైంది.

భద్రుది కారేపల్లి దగ్గర తండా. అడవి నడుమ ఉన్న ఆ బడికి ఆయనొక్కడే పంతులు. బడి కప్పుకు రేకులు అడుగుదామని సభకు వెళ్లి, ఫిలాసఫీతో తిరిగొచ్చాడు.

"మంత్రి ఏమిచ్చిండు సారూ?" అంది ముత్తక్క. ఆమె కూతురు రెండో తరగతి.

"ప్రకృతివాదం ఇచ్చిండక్కా."

"గది మీద ఏస్తే వాన ఆగుతదా?"

మర్నాడే భద్రు, బడుల్లో ఫిలాసఫీ అమలు చూసే తత్త్వాధికారి వెంకటేశ్వరరావు గారిని కలిశాడు.

"పిల్లలు తడుస్తుండ్రు సార్. పుస్తకాలు నానిపోయినయ్."

"బీఎడ్‌లో ఫిలాసఫీ పాసైనవా?"

"అయిన సార్."

"మరి ప్రకృతికి, పిల్లలకు నడుమ రేకు అడ్డం పెడ్తవా?"

ఊరివాళ్లు ఆగలేదు. ముత్తక్క పదిమందిని కూడగట్టి గడ్డి కోయించి కప్పు వేయించింది. ఆ రోజు పిల్లలు పొడిగా కూర్చుని ఎక్కాలు చదివారు. వారం తిరక్కుండా అధికారి జీపు దిగాడు. తత్త్వభంగమని దగ్గరుండి గడ్డి పీకించాడు. భద్రుకు మెమో ఇచ్చాడు.

ఆగస్టులో అదే బడి ఉత్తమ ప్రకృతివాద పాఠశాలగా ఎంపికైంది. మంత్రిగారు స్వయంగా వచ్చారు. జోరువాన. కారు అద్దం కాస్త దించి, మైకులో, "పిల్లల్లారా, మీరు అదృష్టవంతులు!" అన్నారు. కారులోంచే తాడు లాగి, బడి ముందు నిలబెట్టిన పాలరాతి ఫలకాన్ని ఆవిష్కరించారు.

మర్నాడు లారీలో రేకులు దిగాయి. భద్రు పరుగెత్తాడు. ముత్తక్క మేస్త్రీకి మంచినీళ్లిచ్చింది. పిల్లలు గుంజలు మోశారు.

మేస్త్రీ ఆ గుంజలను ఫలకం చుట్టూ పాతాడు.

"బడి గిటు ఉంది," అన్నాడు భద్రు.

"ఫలకం తడుస్తే అక్షరాలు చెడిపోతయంట సార్. ఆర్డరుంది."

సాయంత్రానికి పని అయింది. వెంటనే వాన అందుకుంది. రేకుల కింద ఒకటో తరగతి పట్టింది. మిగతా తరగతులకు భద్రు ప్రకృతివాదంలోనే పాఠం చెప్పాడు.