విడిపోయిన ఇద్దరికీ ఒకే అడ్రసు

భార్యాభర్తలు దగ్గర కావాలంటే విడిపోవడాన్ని మించిన మార్గం లేదు. నవ్వకండి! బాగా ఆలోచించే చెబుతున్నాను. నమ్మకం కుదరకపోతే, కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేసే ఒకావిడ సంగతి వినండి.

ఆవిడ భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. జనాన్ని పైకీ కిందికీ క్షేమంగా చేర్చే మనిషే గానీ, ఇంట్లో ఒక్క మాట మొదలైతే మధ్యలో ఆపడం ఆయనకి చేతకాదు. ఆవిడా తక్కువేం తినలేదు. చివరికి ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని, పెళ్ళయ్యాక మొదటిసారి అరుచుకోకుండా మాట్లాడుకుని, విడిపోదామనుకున్నారు. అద్దె ఇల్లు ఖాళీ చేశారు. ఎక్కడికెళ్తున్నావని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అంత మర్యాదగా విడిపోయారు!

విడిపోయిన మనిషి ఎక్కడికి వెళ్తుంది? అయినవాళ్ళ దగ్గరికే కదా! ఆవిడ తిన్నగా అక్క ఇంటికి వెళ్ళింది. అక్క కావలించుకుంది, కళ్ళొత్తుకుంది, మేడ మీద గది చూపించింది. ఆవిడ మొహం కడుక్కుని కిందికి దిగేసరికి, హాల్లో సోఫా మీద ఆయన టీ తాగుతూ కనిపించాడు.

"నువ్విక్కడేంటి?"

"మా అన్నయ్య ఇల్లు."

"మా అక్క ఇల్లు!"

"ఇద్దరూ కరెక్టే," అన్నాడు పేపరు చాటునుంచి బావ.

మరి ఆ అన్న పెళ్ళాడింది ఈ అక్కనే! ఎటునుంచి పిలిచినా ఆ అన్న ఆవిడకి బావే, ఎటునుంచి పిలిచినా అక్క ఆయనకి వదినే. చుట్టరికాలన్నీ ముందే చక్కగా కలిసిపోయాయి. కలవనిది ఆ ఇద్దరే.

ఇక చూడండి లాభాలు! కాపురం చేసే రోజుల్లో ఆయన షిఫ్టులు, ఆవిడ షాపు వల్ల వారంలో ఒక్కసారైనా కలిసి భోంచేసిన పాపాన పోలేదు. విడిపోయాక, అందరూ చేరేదాకా అక్క వడ్డించదు కాబట్టి, రోజూ ఒకే టేబుల్. ఇంతకుముందు చెరో బాత్రూమ్. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ ఒక్కటే. తెల్లారగానే తువ్వాళ్ళు భుజాన వేసుకుని తలుపు ముందు ఒకరి వెనక ఒకరు. ఇంతటి అన్యోన్యత కొత్త దంపతుల్లో చూశారా?

అక్కకి చెల్లెలంటే ప్రాణం. అందుకే గంటకోసారి గదిలోకి వచ్చి, "అసలేమైందే?" అని అడిగేది. చెల్లెలు పళ్ళు తోముకుంటున్నా అడిగేది. కింద బావ తమ్ముడికి సర్దుకుపోవడం గురించి పాఠం చెప్పేవాడు. ఆ ఇంట్లో తలుపులన్నీ ఆవిడ కోసం ఎప్పుడూ తెరిచే ఉండేవి. వెయ్యడానికే వీల్లేదు!

షాపులో చూపు పరీక్ష చేసే చీకటి గదిలో, కస్టమర్ వెళ్ళాక కాసేపు ఊరికే కూర్చోవడం ఆవిడకి అలవాటైంది. పుట్టినప్పటినుంచీ తను ఒంటరిగా ఉన్నది ఈ అగ్గిపెట్టె గదిలోనే అని ఒకరోజు హఠాత్తుగా తోచింది. ఆ సాయంత్రమే ఇల్లు చూడ్డానికి బయల్దేరింది.

ఇల్లు బాగుంది. ఇంటావిడ మాత్రం, "ఒంటరి ఆడవాళ్ళకి ఇవ్వమమ్మా. మీ ఆయన్ని తీసుకురా" అంది.

ఈ ముక్క భోజనాల దగ్గర చెబితే అక్క సంబరంగా, "చూశావా, నీకు మేమే గతి!" అంది. ఆయన ప్లేటులోంచి తలెత్తకుండా, "రేపు నాకు సెలవు. నేనొస్తాలే" అన్నాడు.

మర్నాడు ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఇంటావిడ వాళ్ళని ఎగాదిగా చూసి, "ముచ్చటైన జంట. మీలాంటివాళ్ళకే ఇస్తాం" అంటూ తాళాలు చేతికిచ్చింది. విన్నారా? విడివిడిగా బతకాలంటే ముందు కలిసి కనబడాలి! ఆయన పెట్టెలు మోశాడు, ఫ్యాన్ బిగించాడు. గుమ్మంలో నిలబడి, "నీకు ఈ ఇల్లు నప్పుతుంది" అన్నాడు. ఆవిడ, "జాగ్రత్తగా వెళ్ళు" అంది.

కలిసి ఇల్లు చూశారని అక్కాబావా స్వీట్లు పంచబోయారు. ఆయన ఒక్కడే తిరిగి రావడంతో ఆ స్వీట్లే గొడవకి మూలమయ్యాయి. "మీ తమ్ముడి మొండితనం," అని అక్క. "మీ చెల్లెలి పొగరు," అని బావ. ఆ తమ్ముడూ చెల్లెలూ కూడా ఎప్పుడూ పోట్లాడుకోనంతగా వీళ్ళిద్దరూ పోట్లాడుకున్నారు.

ఆ వారం చివర్లో అక్క చేతిసంచితో చెల్లెలి గుమ్మంలో నిలబడింది. అయినవాళ్ళ దగ్గరికి కాక ఇంకెక్కడికి వెళ్తుంది?

చెల్లెలు టీ పెట్టి ఇచ్చింది. "ఇక్కడికొచ్చావు, సరే. నీకు ఎక్కడ ఉండాలనుందక్కా?"

అక్క తెల్లబోయి చూసింది. పుట్టింటివాళ్ళు అడగని, అత్తింటివాళ్ళు అడగని, తనూ ఇంతవరకూ ఎవరినీ అడగని మాట అది.

"ఉండవే," అంది, "ఆలోచించుకోనీ."

టీ చల్లారిపోయింది. అక్క ఇంకా ఆలోచిస్తూనే ఉంది.