ఏడున్నరకు విడుదల

"నేటి నుంచి ఈ సముద్ర పరిశోధన కేంద్రంలో చీమకైనా హాని జరగదు!" అని మంత్రిగారు ప్రకటించారు. చీమల మీద అక్కడ ఎవరూ ఎన్నడూ పరిశోధన చెయ్యలేదు. అయినా చప్పట్లు హోరెత్తిపోయాయి.

ఇంత ఘనకార్యానికి మూలం నాలుగో తొట్టి చూసుకునే జూనియర్ సైంటిస్టు అమ్మాయి. ఆ తొట్టిలో ఓ ఆక్టోపస్ ఉండేది. ఎనిమిది చేతుల్లో ఒకటి సగానికి తెగిపోయింది కనక దాన్ని అందరూ ఏడున్నర అనేవాళ్లు. పొద్దున్నే ఆమె నీళ్లలో చెయ్యి పెడితే చాలు, గబగబా వచ్చి వేలికి చుట్టుకునేది. శుక్రవారం దాన్ని చంపి మెదడు కోసి చూడాలని ఫైల్లో రాశారు. ఆమెకు ముద్ద దిగలేదు. ఏడాదికి ఎనిమిదింటిని ఇలాగే చంపుతున్నాం, సీసాల్లో ఉన్న పాత మెదళ్లు చాలవా, దీన్ని వదిలేద్దాం అని అర్జీ పెట్టింది.

అర్జీ చదివి మంత్రిగారి గుండె వెన్నలా కరిగిపోయింది. ఎన్నికలు దగ్గరపడితే ఆ గుండె అట్టే ఆగదు. ఏడున్నరను స్వహస్తాలతో సముద్రంలో వదిలారు. ఆమె సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

"సార్, మీరు కళ్లు మూసుకున్నారు!" అన్నాడు ఫొటోగ్రాఫర్. "ఇంకొక్కసారి!"

"ఇంకోటి పట్టుకురండయ్యా."

"తొట్లన్నీ ఖాళీ అండీ," అన్నాడు డైరెక్టర్.

"ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని ఖాళీ అంటావేమిటయ్యా?"

పడవ వెళ్లి మూడింటిని తెచ్చింది. ఒకటి దారిలోనే పోయింది. మిగతా రెండూ ఘనంగా విడుదలయ్యాయి.

ఫొటో అదిరిపోయింది. దాంతో ప్రతి సోమవారం కరుణా దినమైంది. అధికారులు, వాళ్ల తోడల్లుళ్లు, తోడల్లుళ్ల స్నేహితులు విడుదల చెయ్యడానికి క్యూ కట్టారు. వారానికి నలభై పట్టాల్సి వచ్చేది. సగం బకెట్లలోనే తేలిపోయేవి.

"చచ్చిపోతున్నాయి సార్!" అని ఆమె డైరెక్టర్ దగ్గర మొత్తుకుంది.

"చావడం వేరు, చంపడం వేరమ్మా. ఫారంలో 'చంపినవి' అని ఒక్క గడే ఉంది, అందులో సున్నా వేస్తున్నాం. అయినా ఇదంతా నీ పుణ్యమే కదా తల్లీ!"

రెండు నెలలకు ఆమెకు సన్మానం పెట్టారు. మళ్లీ మంత్రిగారే వచ్చారు. పడవ నడిపే ముసలాయన ఒకే ఒక్క బకెట్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఒడ్డు చుట్టుపక్కల ఇంకేం మిగల్లేదమ్మాయ్. ఇదొక్కటే దొరికింది. వలేసే పని కూడా లేకపోయింది, చెయ్యి పెడితే అదే వచ్చి చుట్టుకుంది."

ఆమె బకెట్లోకి తొంగి చూసింది. చేతులు లెక్కపెట్టింది. ఏడున్నర.

"సార్, దీన్ని ఇప్పుడే వదిలేస్తాను!"

"మంత్రిగారి చేతుల మీదుగానమ్మా, కాస్త ఓపిక పట్టు," అన్నాడు డైరెక్టర్.

మంత్రిగారు కరుణ గురించి మండుటెండలో గంటన్నర మాట్లాడారు. ఆమె నీళ్లలో వేలు పెట్టి అక్కడే కూర్చుంది. మొదట్లో పట్టు గట్టిగానే ఉంది. మంత్రిగారు ముగిస్తున్నానని మూడోసారి అనేసరికి ఊడిపోయింది.

ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తి నీళ్లలోకి వదిలారు. అది మెల్లగా కిందికి దిగిపోయింది.

"చూశారా, ఎంత ప్రశాంతంగా వెళ్తోందో!"

చప్పట్లు మోగాయి. ఫొటోగ్రాఫర్ మాత్రం పెదవి విరిచాడు.

"ఈసారి మేడమ్ గారు కళ్లు మూసుకున్నారు సార్. ఇంకోటి తెప్పించండి."