ఆపినా వెలిగిన బల్బు

"అతిథులొస్తే?" అంది సఫీనాజ్ మళ్ళీ.

"ఏ అతిథులమ్మా? ఒక్కరి పేరు చెప్పు, పుస్తకాలు తీసుకుని వెళ్ళిపోతా," అంది యుమ్నా, ముందుగది తలుపుకి వీపు ఆనించి.

ముందుగదిలో చదువుకుంటానని యుమ్నా అడగడంతో వాదన ముందురోజు మొదలైంది. ముందుగదిలో బంగారుపూత చేతుల కుర్చీలున్నాయి. సఫీనాజ్ పెళ్ళికి వచ్చినవి వచ్చినట్టే దుప్పట్లు కప్పుకుని, తాళం వెనకాల ఉన్నాయి. ప్రతి శుక్రవారం ఆమె ఆ దుప్పట్లు ఉతికేది. మాసిపోయే అదృష్టం కుర్చీలకి ఎన్నడూ పట్టలేదు. ఉన్న మరో గదిలో నాయనమ్మ టీవీ సీరియల్ హోరు. యుమ్నాకి వచ్చేనెల సెకండరీ పరీక్షలు. ఆ అమ్మాయి వంటింట్లో, ములూఖియా ఆకు తరిగే పీట పక్కన లెక్కలు చేసుకుంటోంది.

"నేనే ఇంతవరకు కూర్చోలేదే తల్లీ," అంది నాయనమ్మ సీరియల్ మీంచి చూపు తిప్పకుండా. "నా చావుకొచ్చేవాళ్ళనైనా కూర్చోనిస్తుందో, వాళ్ళనీ గుమ్మంలోనే నిలబెడుతుందో."

సఫీనాజ్ భర్త రిఫాత్ టీ తాగుతూ ఉండిపోయాడు. ఆ ఇంట్లో శాంతిభద్రతలు అతని వల్లే నిలిచాయి, ఎందుకంటే అతను ఏనాడూ ఏమీ అనలేదు.

సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. సఫీనాజ్ పనిచేసే టెక్నికల్ స్కూలు హెడ్మాస్టర్ వదూద్.

"మేడమ్, చారిత్రక వార్త. మన శాఖ ఈ ఏడాదిని మెయింటెనెన్స్ సంవత్సరంగా ప్రకటించింది. కైరో నుంచి డైరెక్టర్ జనరల్ బహ్‌గత్ గారు స్వయంగా వచ్చి మీ ల్యాబులో పవర్ సప్లై యంత్రాన్ని ఆన్ చేస్తారు. టీవీ వాళ్ళు కూడా వస్తున్నారు."

సఫీనాజ్ సంచిలో ల్యాబు తాళాలు ఉన్నాయో లేవో చూసుకుంది.

ఆ పవర్ సప్లై ఆమె జిమ్మాలో, అంటే ఆమె పూచీ మీద, ఉంది. జిమ్మాలో ఉన్న సర్కారు వస్తువు పాడైతే బాధ్యత సంతకం పెట్టినవాళ్ళది. వాడితేనే కదా పాడయ్యేది. అందుకని ఆమె దాన్ని వచ్చినరోజు ప్లాస్టిక్ కవరుతోనే బీరువాలో పెట్టి తాళం వేసింది. పిల్లలు గోడమీది బొమ్మలో దాని మీటలు చూసి పరీక్షలు రాసేవారు, పాసయ్యేవారు. ఆదర్శ సంరక్షకురాలని శాఖ ఆమెకి పోయినేడు ప్రశంసాపత్రం కూడా ఇచ్చింది.

మర్నాడు బీరువా తెరిచి, హెడ్మాస్టర్ సమక్షంలో దాన్ని ఆన్ చేశారు. అంకెలు చక్కగా వెలిగాయి. బల్బు తగిలించగానే వోల్టేజి సున్నాకి పడింది, ఎర్రదీపం వెలిగింది. బల్బు మాత్రం వెలగలేదు.

కారణం అందరికీ తెలుసు. అక్కడున్న వాళ్ళంతా ఇంజినీర్లే. కరెంటు నాబ్ సున్నా దగ్గర ఉంది. తొట్టినిండా నీళ్ళున్నా కుళాయి కట్టేసి ఉన్నట్టన్నమాట. నాబ్ కుడివైపు కాస్త తిప్పితే చాలు. కానీ శాఖవారు దాన్ని అప్పగించిన రోజున, ఎవరూ ముట్టకుండా ఆ నాబ్‌కే దారం చుట్టి లక్క ముద్ర వేశారు. ముద్ర వేసిన కమిటీయే దాన్ని తీయాలి. ఆ కమిటీలో ఒకాయన చనిపోయాడు.

"ఆయన సంతకం లేకుండా ఎలా?" అన్నాడు స్టోర్ కీపర్ హమ్మాద్. "రూలు రూలే."

లోపం కనిపెట్టడానికి ముగ్గురు ఇంజినీర్లు వచ్చారు. మొదటాయన ప్లగ్గు తీసి పెట్టాడు. రెండో ఆయన ఫ్యాను రంధ్రాల్లో దుమ్ము ఊదాడు. మూడో ఆయన చాలాసేపు ఆలోచించి, ఎర్రదీపం చూస్తే ప్రముఖులకి కంగారు పుడుతుందని, దానిమీద జెండా స్టిక్కరు అంటించాడు. మరమ్మతు అంతటితో పూర్తయింది.

"మేడమ్, రేపు బల్బు వెలక్కపోతే," అన్నాడు వదూద్ గొంతు తగ్గించి, "పాడు చేసింది మీరని రాయాల్సొస్తుంది. ఎడారిలో ఒయాసిస్సు బడికి సైన్సు టీచర్లు కావాలట. ఖర్జూరాలు బావుంటాయంటారు."

"పిల్లకి పరీక్షలు సార్."

"అందుకే చెప్తున్నా. నా స్కూటర్ బ్యాటరీ ఉంది. మీ ఇంట్లో మంచి టేబుల్ క్లాత్ ఉందా? నేలదాకా జారాలి. ఆయన కూర్చోడానికి మంచి కుర్చీలు కూడా. మన బడి కుర్చీల సంగతి మీకు తెలియంది కాదు."

ఆ సాయంత్రం సఫీనాజ్ ఒయాసిస్సు సంగతి ఇంట్లో చెప్పింది, ముందుగది తాళం తెరుచుకుంది. కూలీలు కుర్చీలు దింపుతుంటే నాయనమ్మ మెట్లదాకా వచ్చి, "వెళ్ళిరండమ్మా," అని సాగనంపింది.

డైరెక్టర్ జనరల్ వచ్చారు. చాలా నిరాడంబరులు, వెంట నాలుగు కార్లే. సఫీనాజ్ ఇంతకాలం కాపాడిన కుర్చీలో కూర్చుని, మెయింటెనెన్స్ అంటే జాతి ఆత్మగౌరవం అంటూ ఉపన్యసించారు. ఆ ఊపులో ఆయన చేతిలోని పుదీనా టీ కుర్చీ పట్టుగుడ్డ మీద ఒలికింది. సఫీనాజ్ అటే చూస్తూ టేబుల్ క్లాత్ కింద బ్యాటరీకి బల్బు తీగె తగిలించింది.

కాస్త తొందరపడింది. ఆయన వేలు స్విచ్‌కి ఇంకా జానెడు దూరం ఉండగానే బల్బు వెలిగింది.

చప్పట్లు మోగాయి. వేలు చాచినందుకు ఆయన స్విచ్ నొక్కారు. టీవీ వాళ్ళు మరోసారి తీస్తామంటే స్విచ్ ఆపారు. పవర్ సప్లై అంకెలు ఆరిపోయాయి. బల్బు వెలుగుతూనే ఉంది.

వదూద్ పెదాలు దువా చదువుతున్నట్టు కదిలాయి.

డైరెక్టర్ జనరల్ బల్బు వంక చూశారు, పవర్ సప్లై వంక చూశారు, కెమెరా వంక చూశారు.

"చూశారా," అన్నారు గంభీరంగా. "మెయింటెనెన్స్ అంటే ఇదీ. ఆపినా పనిచేస్తోంది."

ఇలాంటి యంత్రాన్ని వాడి పాడుచెయ్యకూడదని ఆయన అక్కడికక్కడే ఆదేశించారు. రెండో ముద్ర వేసి బీరువాలో పెట్టారు.

కార్లు వెళ్ళాక హమ్మాద్ కుర్చీలకి నంబర్లు అంటించడం మొదలుపెట్టాడు.

"అయ్యో, అవి నావండీ," అంది సఫీనాజ్.

"మీవే మేడమ్. మీ జిమ్మాలోనే రాస్తున్నా." అతను పని ఆపలేదు. "అధికారిక ఫొటోలో ఉన్న ఫర్నిచరంతా ల్యాబుదే. టీ మరక కూడా నమోదు చేస్తున్నా, తర్వాత మీమీదికి రాకుండా."

"మరి ఇవి ఇక్కడే ఉంటాయా?"

"ఇక్కడ చోటేదీ? మీ ఇంట్లోనే భద్రపరచండి. ఎవరూ కూర్చోకుండా చూసుకోవాలి, అంతే. అది మీకు అలవాటేనంటగా."

రాత్రికి కుర్చీలు ఇల్లు చేరాయి. ప్రతి కుర్చీకీ ఒక చేతి నుంచి మరో చేతికి అడ్డంగా దారం, మధ్యలో లక్క ముద్ర. వార్తల్లో బల్బు వెలిగింది. రిఫాత్ టీవీ కట్టేసి, ఎందుకైనా మంచిదని దుప్పట్లు తెచ్చాడు.

సఫీనాజ్ అవి అందుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి ములూఖియా కాడలు కత్తిరించే కత్తెర తెచ్చింది. టీ మరక ఉన్న కుర్చీ ముందు ఓ నిమిషం నిలబడి, దారం తెంపి, కూర్చుంది. స్ప్రింగు కిర్రుమంది.

"యుమ్నా, పుస్తకాలు తెచ్చుకో. ఇకనుంచి ఇక్కడే," అంది. "అత్తయ్యా, మీరూ రండి. అన్నీ తెంపేస్తా."

అందరూ గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆమె కత్తెర ఒళ్ళో పెట్టుకుని, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మెల్లగా చెప్పింది.

"రేపు స్కూల్లో ఆ నాబ్ తిప్పుతున్నాను."

రిఫాత్ జీవితంలో మొదటిసారి నోరు విప్పాడు. "తిప్పితే ఏమవుతుంది?"

"పనిచేస్తుంది."

నాయనమ్మ అక్కడే నేలమీద చతికిలబడింది. "ఒయాసిస్సుకి ఏ బస్సెక్కాలో ముందే కనుక్కోరా నాయనా," అంది కొడుకుతో.