పొరపాటున వచ్చిన పాఠకురాలు

మా రచయితల సంఘం సమావేశానికి ఆ మధ్య ఒక పాఠకురాలు వచ్చారని తెలియజేయడానికి చింతిస్తున్నాం. సంఘం పుట్టిన నాటి నుంచి ఇలాంటి అవాంఛనీయ సంఘటన జరగలేదు.

ప్రతి నెలా ఒక ఆదివారం, పళ్ళ డాక్టరుగారి క్లినిక్ మీది హాల్లో మేం కలుస్తాం. సభ్యులందరూ రచయితలే. ఒకరు చదువుతుంటే మిగతావారు తమ వంతుకోసం కాగితాలు సర్దుకుంటారు. గొంతు ఆగగానే చప్పట్లు కొడతారు. మధ్యమధ్య డ్రిల్లు మోత, ఎవరిదో మూలుగు వినిపిస్తాయి. మూలిగేది కిందివాళ్ళో పైవాళ్ళో తెలియక కొత్త సభ్యులు కాస్త తడబడతారు.

అధ్యక్షులవారు విద్యుత్ శాఖలో ఇంజనీరుగా రిటైరై, ఆ వెంటనే సాహిత్యం మీద పడ్డారు. వారి నవల ఆరువందల పేజీలు. దానిపై ఎన్నో చర్చాగోష్ఠులు జరిపాం. ఎవరూ చదవని కారణంగా అన్నీ సామరస్యంగా ముగిశాయి. మిగిలిపోయిన ప్రతుల్ని క్లినిక్‌లో రోగులు కూర్చునే గదిలో పెట్టించారు. పొరపాటు అక్కడే జరిగింది.

పంటి వైద్యానికి మాటిమాటికీ రావలసి వచ్చిన లెక్కల టీచరొకావిడ, వచ్చినప్పుడల్లా కొంత చదివి, నవల మొత్తం పూర్తి చేసేశారు. ఓ ఆదివారం వాచిన బుగ్గతో మెట్లెక్కి మా సభలోకే వచ్చేశారు.

"ఇది రాసిందెవరండీ?"

అధ్యక్షులవారు సంతకం పెట్టడానికి పెన్ను తీశారు.

"ఇందులో అక్క చంటిపిల్లని ఉయ్యాల్లో వదిలేసి రైలెక్కుతుంది కదండీ. తర్వాత ఏమైంది?"

"ఏ అక్క?" అన్నారు అధ్యక్షులవారు.

సభ చురుగ్గా స్పందించింది. ముగింపు పాఠకుల ఊహకే వదిలేశారన్నారు బీమా ఏజెంటైన మా కార్యదర్శి. రైలు స్త్రీ స్వేచ్ఛకు ప్రతీక అన్నారు విమర్శకులవారు. నవల్లో రైలుందని వారికి అప్పుడే తెలిసింది.

"స్వేచ్ఛ సరేనండీ, పిల్లకి పాలెవరు పట్టారు? నాకు నిద్ర పట్టడం లేదు," అంటూ ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు.

కన్నీళ్ళు మా సభలకు కొత్త కాదు. అయితే అవి ఎప్పుడూ రాసినవారివే. చదివినవారి కన్నీళ్ళు చూసి అందరం బెదిరిపోయాం.

అధ్యక్షులవారు ఇంటికెళ్ళి సొంత నవల తెరిచారు. మూడో పేజీలో గురక పెట్టారు. పొద్దున్నే భార్యగారిని అడిగారు.

"ఆ అక్క ఏమైందే?"

"నన్నడుగుతారేంటి? ఆవిడ రైలెక్కిన రోజే మీకు కడుపునొప్పి వచ్చింది. వారం పాటు రాయలేదు. తర్వాత మర్చిపోయారు."

"మరి టైపు చేసేటప్పుడు చెప్పొద్దూ?"

"చెప్పాను. పెద్దవాళ్ళ రాతల్లో వేలు పెట్టొద్దన్నారు."

కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. "ఇవాళ అక్క సంగతి అడిగింది. రేపు మన కథల సంగతి అడగదని ఏమిటి గ్యారంటీ?" అన్నారు కార్యదర్శి. ఆవిడని తక్షణమే రచయిత్రిని చేసెయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానించాం.

తర్వాతి సభలో పూలగుత్తి చేతికిచ్చి అధ్యక్షులవారు ప్రసంగించారు. "అమ్మా! నీలో ఒక మహా రచయిత్రి నిద్రపోతోంది. లేపు! ఆ అక్క ఏమైందో నువ్వే రాయి. నీకోసమే ఆమెను నేను రైల్లో కూర్చోబెట్టి ఉంచాను!"

ఆవిడ నిజంగానే రాశారు. నెలంతా రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, పట్టుకొచ్చి మా ముందు చదివారు. అక్క రైలు దిగింది, వెనక్కి పరుగెత్తింది, ఇంటి తలుపు మీద చెయ్యి వేసింది. అక్కడ గొంతు తడారిపోయి, ఆవిడ మంచినీళ్ళకోసం ఆగారు.

చప్పట్లు మారుమోగాయి.

"ఆహా, ఏం ముగింపు! ఒళ్ళు జలదరించింది," అన్నారు అధ్యక్షులవారు.

"అది కాదండీ, ఇంకా..." అంటూ ఆవిడ మిగిలిన కాగితాలు ఎత్తి చూపించారు. విమర్శకులవారు అప్పటికే లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఆవిడ కాగితాల వంక చూశారు, మా వంక చూశారు. చప్పట్లు ఆగలేదు. ఆవిడ ముఖంలో ఏదో మెల్లగా వెలిగింది. కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకుని, "ఏదో, మీ అభిమానం," అన్నారు.

ప్రస్తుతం ఆవిడ మా ఉపాధ్యక్షురాలు. ఎవరినీ ఏమీ అడగరు. నా కథల సంపుటికి మొన్ననే ముందుమాట రాసిచ్చారు. అందులో నా కవిత్వాన్ని ఎంతో మెచ్చుకున్నారు.

ఇకపోతే మీరు. ఈ కథ చివరిదాకా చదివేశానే, నా గతేమిటని కంగారు పడకండి. మీ రచన ఈ సంచికలో పడిందేమోనని పేజీలు తిప్పుతూ ఇక్కడ ఆగారని మాకు తెలుసు. పడలేదు. అయినా ఓసారి మా సభకు రండి. ఏం రాశారన్నది మాకు అనవసరం. ఎక్కడో ఒకచోట ఆగండి చాలు.