కోపానికి నామినీ

డ్రిల్లు మాస్టారు సత్తిరాజు కోపం సోమవారం పదకొండున్నరకు ఆయన భార్య రత్నమాణిక్యం పేరు మీదకు బదిలీ అయింది. పెద్దాసుపత్రి ఏడో నంబరు కౌంటర్లో ఆ పని నాలుగు నిమిషాల్లో తేలిపోయింది. వరుసలో నిలబడ్డ మూడు గంటలు ఎవరూ లెక్కలోకి తీసుకోరు కదా.

మాస్టారిది తాడేపల్లిగూడెం. ఆయన మెదడులో రక్తనాళం కొమ్మలుగా చీలే చోట గోడ పలచబడి, సైకిల్ ట్యూబు ఉబ్బినట్టు చిన్న బుడగ తేలింది. దాన్ని అన్యూరిజం అన్నారు. బీపీ, సిగరెట్లు, వంశంలో ఉండటం, ఏదైనా కారణం కావచ్చన్నారు డాక్టరు. పెద్దదైతే పుర్రె తెరిచి క్లిప్పు పెడతారట, లేదా తొడలోంచి సన్నటి గొట్టం పంపి బుడగలో తీగచుట్టలు నింపుతారట. ఈయనది నాలుగు మిల్లీమీటర్లే కాబట్టి ప్రస్తుతానికి ఏడాదికోసారి స్కాను చాలన్నారు. ఈలోగా మాత్రలు వేసుకోవాలి, సిగరెట్లు మానాలి, కోపం రాకూడదు. కోపాన్ని అదే రేషన్ కార్డులో ఉన్న మనిషికి బదిలీ చేసుకోవచ్చు. సిగరెట్ల బదిలీకి నిబంధనల్లో వీల్లేదు కాబట్టి అవి మాస్టారి దగ్గరే ఉండిపోయాయి.

ఫారంలో నామినీ అన్న చోట ‘భార్య’ అని ముందే అచ్చువేసి ఉంది. రత్నమాణిక్యం సంతకం మాత్రం పెట్టింది.

మర్నాటి నుంచి పిల్లలు వంకరగా నిలబడ్డా మాస్టారు నవ్వసాగారు. అదే క్షణంలో ఇంట్లో రత్నమాణిక్యం గరిట నేలకేసి కొట్టేది. వెంటనే ఫోనుకి మెసేజి వచ్చేది: ‘ఒక కోపం అందినది. కారణం: వరుస వంకర.’ ఆవిడకు సొంత కోపాలు కూడా కొన్ని ఉండేవి. కానీ వచ్చినవి అయ్యాకే సొంతవాటికి వంతు. మూడు నెలలుగా వాటికి వంతు రాలేదు. అలిసిపోయింది పాపం, అలిసిపోయానని చెప్పుకునే ఓపిక కూడా లేనంతగా.

“మాస్టారు దేవుడండీ. ఆవిడకే కాస్త నోరెక్కువ, ఆయ్,” అనుకున్నారు వీధిలో.

తర్వాత ఆవిడకు తలనొప్పులు మొదలయ్యాయి. డిగ్రీ చదువుతున్న కూతురు హైమ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. స్కానులో ఆరు మిల్లీమీటర్ల బుడగ కనిపించింది.

“కోపం తగ్గించుకోవాలమ్మా,” అన్నారు డాక్టరు.

“అది నాది కాదండి బాబూ.”

“ఎవరిదైనా పగిలేది మీ తలలోనే కదా. అమ్మాయికీ ఓసారి స్కాను తీయించండి. అమ్మకీ నాన్నకీ ఉందంటే పిల్లల్ని చూడాల్సిందే.”

కోపాన్ని ఇంకెవరి పేరుకి మార్చాలా అని ఏడో నంబరు కౌంటర్లో గుమాస్తా రేషన్ కార్డు తిరగేశాడు. మిగిలింది హైమ ఒక్కతే.

“దానికొద్దండి. నాకేమైనా ఫర్లేదు, నా దగ్గరే ఉండనివ్వండి. దానికింకా స్కానే తియ్యలేదు,” అని బతిమాలింది రత్నమాణిక్యం. పిల్ల తలలో కూడా బుడగ ఉంటే?

“స్కాను తియ్యలేదంటే రోగం లేనట్టేనమ్మా. అర్హురాలే,” అన్నాడు గుమాస్తా.

హైమ పెన్ను అందుకుంది. “నాన్నదీ అమ్మదీ కలిపి ఒక్క సంతకం సరిపోద్దా అండీ, రెండు పెట్టాలా?”

“ఒకటి చాలు.”

ఆ రోజు వానకి బడికి సెలవిచ్చారు, మాస్టారు ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నారు కాబట్టి రత్నమాణిక్యం సొంత కోపానికి ఎట్టకేలకు వంతు వచ్చింది. అరికాలి నుంచి లేచింది. గుమాస్తా మీద, మాస్టారి మీద, అడగకుండానే సంతకం పెట్టేసిన పిల్ల మీద. కాగితం లాక్కుని చింపెయ్యాలని చెయ్యి చాచింది. అంతలో గుమాస్తా మీట నొక్కాడు.

చాచిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. పక్కన హైమ పళ్ళు పటపట కొరికి, కౌంటరు బల్ల మీద గుద్దింది. వరుసలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

రత్నమాణిక్యం కొంగు సర్దుకుని, ఎంతో శాంతంగా, “ఆడపిల్లకి అంత కోపం పనికిరాదమ్మా,” అంది.