అడగడానికి వేరే టోకెన్

ఆసుపత్రివాళ్లు నా భార్య మంజులను అడగనివ్వలేదు. ఇందులో రుజువు చేయాల్సింది ఏమీ లేదు.

ఒక ఒంట్లో రెండు బాధలు ఉండటాన్ని కరీంనగర్ బస్టాండ్ దగ్గరి ఆ ఆసుపత్రి గుర్తించదు. (పేరు రాయను. బోర్డు చాలా పెద్దది, అటు పోయినప్పుడు మీరే చదువుకోండి.) అక్కడ నొప్పి మొదటి అంతస్తుకు చెందుతుంది. నిద్ర రెండో అంతస్తుకు చెందుతుంది. రెండూ ఉన్న మనిషి మెట్లకు చెందుతాడు.

మంజులకు రెండూ ఉండేవి. సిరిసిల్లలో పెళ్లయిన నాటి నుంచి మగ్గాలకు నూలు కండెలు చుట్టీ చుట్టీ కుడి భుజం పోయింది. ఆర్డర్లు లేక సాంచాలు (మరమగ్గాలను మేం అలాగే అంటాం) ఆగిపోయాక నిద్ర కూడా పోయింది. సాంచాల చప్పుడులో పుట్టి పెరిగినవాళ్లకు నిశ్శబ్దంలో కన్ను మూతపడదు. ఈ సంగతి మా వాడకట్టులో అందరికీ తెలుసు. నిద్ర డాక్టరు రచన మేడంకు తెలియదు. చప్పుడు లేని గదిలో పడుకోమని చెప్పారు.

"గదే రోగం మేడం," అన్నది మంజుల.

మేడం ఒక గోలీ రాశారు. అంతకుముందే మొదటి అంతస్తులో ఎముకల డాక్టరు విద్యాధర్ సారు భుజానికి ఇంకో గోలీ రాసి ఉన్నారు. పై చీటీలో కింది గోలీ లేదు, కింది చీటీలో పై గోలీ లేదు. మర్యాద తెలిసిన ఇరుగుపొరుగు ఒకరి వంటింట్లోకి ఒకరు తొంగి చూడరు కదా.

ఆ రెండు చీటీలూ కలిసేది కింద మందుల దుకాణంలోనే. అక్కడ కుమార్ రెండు స్ట్రిప్పులనూ కత్తెరతో ముక్కలు కోశాడు. (పేరూ హెచ్చరికా అచ్చయిన ముక్క ఎప్పుడూ దుకాణం వాటాకే వస్తుంది.) రెండింటినీ ఒకే కవర్లో వేసి, రాత్రి తిన్నాక అని చెప్పాడు.

"రెండు ఒక్కసారే ఏస్కోవచ్చునా బిడ్డా?" అని అడిగింది మంజుల.

"ఒక్కసారే ఏస్కుంటే యాదికుంటది అవ్వా."

"యాదికుండుడు గాదు. ఏం గాదు గదా అంటున్న. మా వాడకట్టుల ముత్తయ్య గిట్లనే ఏస్కొని పొద్దెక్కేదాక లేవలే."

కుమార్ గోడ వైపు చూపించాడు. చట్టప్రకారం ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన అధికారి అక్కడే ఉన్నాడు. ఫార్మసిస్టు శ్యాంసుందర్‌రావు, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్లో, ఫొటోతో సహా. మంజుల చేతులు జోడించింది.

"పాపం, ఎప్పుడు పోయిండు?"

"పోలే అవ్వా. హైదరాబాద్‌ల ఉంటడు."

అధికారి అందుబాటులో లేనందున మళ్లీ పైకి ఎక్కాం. కౌంటర్లో దీపిక అనే అమ్మాయి మాకు నియమం వివరించింది. చూపించుకునే టోకెన్ చూపించుకోవడానికే. మెట్లు దిగిన పేషెంటు మళ్లీ ఎక్కితే కొత్త పేషెంటు. అడగడానికి వేరే టోకెన్ తీసుకోవాలి. (నియమావళి గోడ మీదే ఉంది. దాని ముందు ఫ్రిజ్ ఉంది.) ఆ టోకెన్ వచ్చే మంగళవారానికి దొరికింది. అది కూడా సులువుగా దొరకలేదు. ప్రశ్న నొప్పికి సంబంధించినదా, నిద్రకు సంబంధించినదా అని టోకెన్లిచ్చే యాప్ అడిగింది. రెండింటికీ అంటే ఒప్పుకోలేదు. మంజుల కాసేపు ఆలోచించి నిద్ర అన్నది. భుజం ఎట్లాగూ అలవాటైపోయిందట.

"గందాక గోలీలు ఆపాల్నా?" అని అడిగింది.

"ఆపొద్దు ఆంటీ. కోర్సు నడుమ గ్యాప్ ఇయ్యొద్దు."

టోకెన్ లేకుండా మాకు దొరికిన జవాబు ఇదొక్కటే.

మంజుల ఆపలేదు. గోలీలు పని చేశాయి, అది ఒప్పుకోవాలి. నొప్పి తగ్గింది. నిద్ర పట్టింది. మరునాడు మధ్యాహ్నం దాకా మాట ముద్దముద్దగా వచ్చేది. కంటినిండా నిద్రపోయినోళ్లు అట్లనే మాట్లాడుతారని పక్కింటి లస్మవ్వ సంతోషపడింది. ఆదివారం పొద్దున చాయ పెట్టి లేపాను. లేవలేదు.

మంగళవారం ఆసుపత్రి నుంచి మెసేజ్ వచ్చింది. టోకెన్ ఈ రోజుదేనని, సమయానికి రావాలని, ఆరోగ్యంగా ఉండాలని. దినాలు కాకముందే గడప దాటొద్దని మా వాళ్లు అడ్డం నిలబడ్డారు. కానీ ఆ టోకెన్ ఇంకో రోజుకు జరగదు, ఇంకొకరికి మారదు. పేషెంటు చనిపోతే ఏం చేయాలో దీపిక చెప్పలేదు. (ఫ్రిజ్ వెనక రాసి ఉండవచ్చు.) తలకు తువ్వాల చుట్టుకొని బస్సెక్కాను.

రచన మేడం టోకెన్ చూశారు. నా పక్కన ఖాళీ కుర్చీ చూశారు. పేషెంట్ ఏరీ అని అడిగారు.

"రాలే మేడం. గీ రెండు గోలీలు కలిపి ఏస్కోవచ్చునా, గదొక్కటి అడగాల్నన్నది."

మేడం నేను తెచ్చిన కవర్లోంచి నొప్పి గోలీ తీసి అటూ ఇటూ తిప్పారు. పేరు లేదు. కిందికి ఫోన్ చేసి కుమార్‌ను అడిగారు. ఫోన్ పెట్టాక కుర్చీలో ముందుకు జరిగారు.

"ఇది మత్తు రకం నొప్పి గోలీ. నేను రాసిన దాంతో కలిస్తే నిద్రలో ఊపిరి మందగిస్తుంది, ఆగిపోవచ్చు కూడా. నొప్పి గోలీలన్నీ ఇట్లా ఉండవు, మార్చి రాయొచ్చు. కానీ ఈ రెండూ కలిపి వద్దు. ఇంటికి పోయేదాక ఆగకండి, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి ఆమెకు."

మంచి డాక్టరు. తెలిసిన సంగతిని దాచలేదు, విసుక్కోలేదు. ఆ జవాబు చెప్పడానికి, బయట నా టోకెన్ పిలిచినంత సేపు కూడా పట్టలేదు.

చెప్తానన్నాను.

బయటికి వస్తుంటే దీపిక ఆపి, సేవ ఎలా ఉందో యాప్‌లో నక్షత్రాలు ఇవ్వమన్నది. అన్నీ ఇచ్చాను. జవాబు సరైనదే కదా.

ఈ సంగతి ఇకమీద నేను మాట్లాడను. ఎవరు అడిగినా సరే.